చేతికి తెలుసు, కంటికి తెలియదు

జూన్ 3, సోమవారం

ప్రెస్సులో టైపు మార్చేశారు. ఇరవై తొమ్మిదేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నదాన్ని, నాకు ఒక్క మాటైనా చెప్పలేదు. నాలుగో తరగతి సామాన్యశాస్త్రం ప్రూఫులు బల్ల మీద పరుచుకుని మొదటి పేజీ చూద్దును కదా, అంతా కొత్తగా ఉంది. మసకగా లేదు. తలకట్లు, కొమ్ములు, గుడులు అన్నీ విడివిడిగా, నల్లగా, శుభ్రంగా కనిపిస్తున్నాయి. కానీ ఒక్క అక్షరమూ నోరు విప్పదు.

మేనేజరును అడిగితే, "టైపు మార్చడమేంటి మేడమ్, పోయినేడాదిదే కదా" అన్నాడు. నవ్వేసి వచ్చేశాను.

తల వెనక ఎడమవైపు ఉదయం నుంచి నొప్పి. కళ్లజోడు పాతబడింది. అదే కారణం. వచ్చేటప్పుడు గుమ్మానికి కుడి భుజం కొట్టుకుంది.

జూన్ 4, మంగళవారం

కళ్లజోళ్ల షాపతను యంత్రంలో గడ్డం పెట్టించి చూసి, పాత నంబరే సరిపోతుందన్నాడు. "ఆ బోర్డు మీద ఎంతవరకు కనిపిస్తోందమ్మా?" అన్నాడు. చివరి వరుస దాకా కనిపిస్తోందన్నాను. అది అబద్ధం కాదు. చదవమని అడగలేదు, చదవలేదు.

అయినా కొత్త అద్దాలు చెయ్యమన్నాను. కారణం కళ్లజోడే.

జూన్ 5, బుధవారం

ప్రెస్సుకు వెళ్లలేదు. జలుబు చేసింది.

జూన్ 6, గురువారం

నాకు జలుబు లేదు. నిన్న అలా రాశానని గుర్తుంది కాబట్టి చెప్పగలుగుతున్నాను. పేజీ తిప్పి చూస్తే అది నేను రాసిందో, కోడి గీకిందో తెలియడం లేదు.

పొద్దున ఆరింటికి కాఫీ కలుపుకుని ఈ డైరీ తీశాను. నిన్నటి పేజీ చదువుదామనుకున్నాను. రాలేదు. సరేనని కలం పట్టుకుని నా పేరు రాశాను. చెయ్యి ఆగకుండా రాసేసింది, ఎప్పటిలాగే ఏటవాలుగా. కింద మా నాన్న పేరు, ఆ కింద పచారీ సామాను రాశాను. చక్కగా వచ్చాయి. డైరీ మూసి, కాఫీ తాగి, మళ్లీ తెరిచాను. ఏ గీత నా పేరో చెప్పలేకపోయాను.

రాయగలను. చదవలేను. నేను రాసిందే నేను చదవలేను.

నిజానికి వణికిపోవాలి. వణకలేదు. ఏడేళ్లప్పుడు నాన్న గడియారం విప్పి లోపలి చక్రాలు చూసినప్పుడు గుండె ఎలా కొట్టుకుందో అలా కొట్టుకుంది. ఇన్నాళ్లూ చదవడం, రాయడం ఒకే పని అనుకున్నాను. లోపల అవి రెండు వేరువేరు పనులట. అవి వేరని నాకెలా తెలియాలి, ఒకటి చెడిపోతే తప్ప!

వెంటనే పరీక్షలు మొదలుపెట్టాను. క్యాలెండరులో అంకెలు చదవగలను, వారాల పేర్లు చదవలేను. బొమ్మలన్నీ గుర్తుపడతాను. చిన్నప్పటి ఎక్కాలు వస్తాయి. కళ్లు మూసుకుని "పుస్తకం" అన్న మాట ఏయే అక్షరాలతో ఉంటుందో చెప్పగలను. అదే మాట అచ్చులో ఎదురుగా ఉంటే ఎవరో తెలియదు. ఇంత తమాషా నా తలలోనే ఉండగా, యాభై నాలుగేళ్లు బయట వెతికాను.

తమ్ముడు కింద మోటార్ల షాపు తెరిచాడు, షట్టరు చప్పుడైంది. వాళ్ల కాపురం షాపు వెనక రెండు గదుల్లో, నాది పైన ఒక్క గది. తమ్ముడికి చెప్పను. మరదలికి అసలు చెప్పను. వారంలో తగ్గిపోతుంది. తగ్గేలోగా వీలైనన్ని పరీక్షలు చేసుకోవాలి.

జూన్ 7, శుక్రవారం

ప్రెస్సుకు వెళ్లాను. నా తెలివికి నేనే మెచ్చుకోవాలి. కొత్తగా చేరిన అమ్మాయిని పిలిచి, "నీ ఉచ్చారణ సరిగ్గా లేదు, ఈ ప్రూఫులు పైకి చదువు, వింటాను" అన్నాను. పాపం, గొంతు ఎండిపోయేదాకా చదివింది. తప్పులు చెవికి దొరుకుతున్నాయి. "రక్తప్రసరణ"లో వత్తు పోయిన చోట ఆపించి దిద్దించాను. సాయంత్రానికి పదహారు పేజీల ఫారం మొత్తానికీ సంతకం పెట్టి అచ్చుకు పంపేశాను.

ఇలా అయితే రిటైరయ్యేదాకా ఎవరికీ తెలియదు.

జూన్ 8, శనివారం

తెలిసిపోయింది. అదీ ఎవరికి, పిచ్చుకకు.

పిచ్చుక అంటే తమ్ముడి కూతురు. తొమ్మిదేళ్లు. ఒక్కచోట నిలవదని ఆ పేరు నేనే పెట్టాను. రోజూ ఐదింటికి పైకి వచ్చి నా దగ్గర చదువుకుంటుంది. చదువుకోవడం అంటే నేను కసరడం, అది నీళ్లు తాగొస్తాననడం. మూడేళ్లుగా "మామ" అన్న మాటను "మాయ" అని, "పడవ"ను "వడప" అని చదువుతోంది. వాళ్ల నాన్నా చిన్నప్పుడు అంతే. మా నాన్న నన్ను చూపించి "ఇది బుర్ర", వాణ్ణి చూపించి "ఇది మొద్దు" అనేవాడు. నాలుగో తరగతిలో బడి మాన్పించి మెకానిక్కు దగ్గర పెట్టారు. మొద్దబ్బాయి అనే పిలిచేవాళ్లం అందరం. వాడూ పలికేవాడు.

ఇవాళ పిచ్చుక పుస్తకం తెరిచి గడగడా చదివింది. కుందేలు అడవిలోకి వెళ్లిందట, అక్కడ తాబేలుకు జ్వరం వచ్చిందట, కుందేలు మందు తెచ్చిందట. నేను ఒళ్లంతా చెవులు చేసుకుని విని, "బాగా చదివావు" అన్నాను.

పిల్ల పుస్తకం మూసేసి నా మొహం వంక చూసింది.

"అత్తా, అందులో తాబేలు లేదు."

"ఏంటీ?"

"కుందేలు బొమ్మ ఒకటే ఉంది. మిగిలింది నేనే చెప్పాను. రోజూ మొదటి మాటకే కొడతావు కదా. ఇవాళ కొట్టలేదు."

"కళ్లజోడు బాగా లేదే."

"నేను కూడా అలాగే అంటాను, కళ్లు మండుతున్నాయని. నువ్వు పుస్తకం దూరంగా పెట్టావు, మళ్లీ దగ్గరగా పెట్టావు. పేజీ ముందే తిప్పేశావు. నిన్న మంచినీళ్లు కూడా అడిగావు." గొంతు తగ్గించింది. "నీకు అక్షరాలు రావట్లేదు కదత్తా?"

రోజూ నన్ను చూసే మేనేజరు కనిపెట్టలేదు. యంత్రం పెట్టుకున్న కళ్లజోళ్లతను కనిపెట్టలేదు. మూడు రోజుల్లో ఇది కనిపెట్టింది. పైగా అనుమానం తీర్చుకోవడానికి పరీక్ష కూడా పెట్టింది. తాబేలును అందుకే పుట్టించింది. నేను ఈ పిల్లకా బుర్ర లేదన్నది?

ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. అరగంటలో వాళ్ల నాన్నకు చెప్పేసింది.

జూన్ 10, సోమవారం

ఆసుపత్రి. స్కానింగు. తమ్ముడు నిన్ననే తీసుకెళ్తానన్నాడు, నేనే వద్దన్నాను. ఇవాళ షాపు మూసి మరీ బండి మీద తీసుకెళ్లాడు. దారిలో ఒకచోట, "అక్కా, కుడిపక్క లారీ వచ్చింది, చూశావా?" అన్నాడు. నేను చూడలేదు. అసలు కుడిపక్క అనేది ఒకటుందని ఈ వారంలో నేను తలుచుకోలేదు.

జూన్ 12, బుధవారం

రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇవాళ పంపారు. రోజూ మూడు మాత్రలు. రాయాల్సింది చాలా ఉంది. చెయ్యి మెదడుతో పోటీ పడుతోంది.

డాక్టరమ్మ నాకంటే పదేళ్లు చిన్న. మొదట బాగా తిట్టింది. "చదువుకున్నవారు, వారం రోజులు కళ్లజోడు అనుకుంటూ కూర్చున్నారా? ఇది పక్షవాతం లాంటిదే. కాలూ చెయ్యీ పడలేదు కాబట్టి మీకు తెలియలేదు." మెదడు వెనక ఎడమపక్క చిన్న రక్తనాళం మూసుకుపోయిందట. అందుకే కుడిపక్క చూపు పోయింది.

"మరి చదువు ఎందుకు పోయింది?" అన్నాను.

బల్ల మీద కాగితం తీసుకుని రెండు గుండ్రాలు గీసింది. "మీకు ఎడమపక్క కనిపించేదంతా మెదడులో కుడి సగానికి వెళ్తుంది. అక్షరాలను గుర్తుపట్టే చోటు ఎడమ సగంలో ఉంది. మధ్యలో దారి తెగింది. కంటికి అక్షరం కనిపిస్తుంది, అక్షరం తెలిసిన చోటూ బాగానే ఉంది. ఇక్కడి కబురు అక్కడికి అందడం లేదు. చేతికి వెళ్లే దారి వేరు. అది తెగలేదు కనుక రాస్తున్నారు."

"కంటి దారి తెగితే, వేరే దారిన పంపవచ్చు కదా?"

ఆవిడ మొదటిసారి నవ్వింది. కళ్లు మూసుకోమంది. నా అరచేతిలో వేలితో ఏదో గీసింది.

"క" అన్నాను.

మళ్లీ గీసింది. "ల." మళ్లీ. "సున్నా." కలం. నేను కలం అన్న మాట చదివాను. పది రోజుల తర్వాత చదివాను, అరచేత్తో చదివాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డానట, నాకు తెలియదు. తమ్ముడు గోడకు ఆనుకుని చూస్తున్నాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండు రాత్రులు ఆసుపత్రి బెంచీ మీద పడుకుంటే ఎవరికైనా అలాగే ఉంటాయి.

అప్పుడు అడిగాను. "డాక్టరుగారూ, తెలివి అనేది ఎక్కడుంటుంది? ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఎందుకుంటుంది?"

"అది తెలిస్తే నేనింత చిన్న గదిలో ఎందుకు కూర్చుంటానమ్మా" అంది. "పుట్టుకతో కొంత వస్తుంది. పెరిగిన తీరు, తిన్న తిండి, చెప్పిన చదువు, పొందిన ప్రేమ, ఇవన్నీ కలుస్తాయి. ఏది ఎంత అని ఒక్క మనిషిని చూసి విడదీసి చెప్పలేం. కానీ ఒక్కటి చూడండి. పోయిన నెల మీరు తెలివైనవారే కదా. ఇప్పుడు ఒకటో తరగతి పుస్తకం చదవలేరు. మీ తెలివి తగ్గిందా?"

"లేదు" అన్నాను. చాలా కోపంగా అన్నానట.

పిచ్చుక సంగతి చెప్పాను. దానికీ ఇదే జబ్బయి ఉంటుంది, తమ్ముడికీ ఇదే, మా ముగ్గురికీ దారి తెగింది, నేను కనిపెట్టేశాను అన్నాను. ఆవిడ చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. "తొందరపడకండి. మీకు వచ్చింది తెగిపోవడం. పాపకు పుట్టుకతోనే అక్షరాన్నీ శబ్దాన్నీ కలిపే పని కష్టంగా ఉండి ఉండవచ్చు. డిస్లెక్సియా అంటారు. జబ్బు కాదు. చూడకుండా నేను చెప్పను. తీసుకురండి."

నాది, దానిది వేరే అట. కానీ బయటికి ఒక్కలాగే ఉంటాయి. ఒకటే తిట్టు పడుతుంది రెంటికీ.

జూన్ 14, శుక్రవారం

పిచ్చుకా నేనూ వేలితో చదవడం మొదలుపెట్టాం. అచ్చక్షరం మీద చూపుడువేలు పెట్టి రాస్తున్నట్టు తిప్పాలి. వేలికి తెలిసి నాలుకకు చెబుతుంది. ఒక్క వాక్యానికి పావుగంట పట్టింది నాకు. దానికి పది నిమిషాలు. గెలిచానని గది చుట్టూ తిరిగింది.

"మ కి, య కి ఏం తేడా?" అని అడిగాను, నిజంగా తెలియక.

"చూస్తే రెండూ ఒకటే అత్తా. తిప్పితే వేరే. మ మొదట్లో వ లాగా చిన్న సున్నా చుట్టుకుంటుంది చూడు, అక్కడ వేలు ఆగుతుంది."

మూడేళ్లు నేను చెప్పలేకపోయింది, అది నాకు ఒక్క నిమిషంలో చెప్పింది.

డాక్టరమ్మకు చూపించాం. డిస్లెక్సియానే. చెవితో విన్న కథలోంచి ప్రశ్నలు వేస్తే తన వయసుకు మించి చెప్పిందట. నాకు గాల్లో తేలుతున్నట్టుంది. ఇది ఇంతకుముందు రాశానో లేదో, వెనక్కి తిప్పి చూసుకునే వీలు లేదు కదా. రాసి ఉంటే రెండుసార్లు ఉంటుంది, ఉండనీ.

జూన్ 17, సోమవారం

మేనేజరు పిలిచాడు. సామాన్యశాస్త్రం పుస్తకంలో గుండె బొమ్మ కింద ఊపిరితిత్తులు అనీ, ఊపిరితిత్తుల బొమ్మ కింద గుండె అనీ అచ్చయ్యాయి. నేను సంతకం పెట్టిన ఫారమే. ఆ అమ్మాయి మాటలు సరిగ్గానే చదివింది. ఏ మాట ఏ బొమ్మ కింద ఉందో చెవికి ఎలా తెలుస్తుంది? బైండింగుకు వెళ్లకముందు కంపోజర్లు చూశారు. ఆ ఫారం మొత్తం మళ్లీ అచ్చు వెయ్యాలి.

"ఆ అమ్మాయి చదివింది కదా, తనదేనా తప్పు?" అన్నాడు మేనేజరు.

ఒక్క క్షణం అవును అనబోయాను. ఇది నాకోసం రాసుకుంటున్నాను కనుక రాస్తున్నాను. అవును అనబోయాను.

"తప్పు నాది. నాకు చదవడం రాదు" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. అంతా చెప్పాను. రెండు గుండ్రాలు గీసి మరీ చెప్పాను. చెబుతూ చెబుతూ నేనే ఉత్సాహపడిపోయాను. ఆయన మాత్రం పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ దొర్లిస్తూ, "మేడమ్, రెండు నెలలు సెలవు తీసుకోండి. తర్వాత చూద్దాం" అన్నాడు. తర్వాత ఏం చూస్తాడో చెప్పలేదు.

జూన్ 18, మంగళవారం

సెలవు మంచిదే. పరీక్షలకు టైము దొరికింది. నాకేం బాధగా లేదు.

జూన్ 20, గురువారం

బడి నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటికి ఏ కాగితం వచ్చినా తమ్ముడు చేతులు తుడుచుకుని పైకి తెస్తాడు, నేను చదివి చెబుతాను. ముప్పై ఏళ్ల అలవాటు. ఇవాళా అలాగే తెచ్చి ఇచ్చాడు. నేను అలాగే అందుకున్నాను. ఇద్దరం కాసేపు దాన్ని చూశాం.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు.

"నువ్వు పట్టుకో, నేను పట్టుకుంటా, ఎవరికొస్తే వాళ్లు" అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. నాకు తెలిసి చదువు సంగతిలో వాడు నవ్వడం ఇదే మొదలు.

మరదలు తన పనికి వెళ్లింది, సాయంత్రం దాకా రాదు. పక్కింటివాళ్ల దగ్గరికి వెళ్దామన్నాడు. అప్పుడు పిచ్చుక, "నేను చదువుతాను" అంది. నేల మీద పరిచి, వేలు పెట్టి మొదలుపెట్టింది. నలభై నిమిషాలు. మేమిద్దరం ఊపిరి బిగపట్టి కూర్చున్నాం. ఒక్కో మాట పూర్తయినప్పుడల్లా నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. పిల్లను నాలుగో తరగతిలో కొనసాగించరట. నెమ్మదిగా నేర్చుకునేవాళ్ల సెక్షన్‌కు మారుస్తారట. సోమవారం వచ్చి సంతకం చెయ్యాలట. అది తన గురించేనని తెలిసి కూడా పిల్ల వేలు ఆపలేదు.

చివర్లో ఒక వాక్యం దగ్గర చాలాసేపు పట్టింది. "ఇం-ట్లో చ-దు-వు చె-ప్పే పా-ప మే-న-త్త-గా-రు మా-ర్చి-లో రా-సి ఇ-చ్చి-న-ట్టు, పా-ప-కు గ్ర-హ-ణ-శ-క్తి త-క్కు-వ." తలెత్తింది. "గ్రహణశక్తి అంటే ఏంటత్తా?"

తమ్ముడు లేచి కిందికి వెళ్లిపోయాడు.

నేనేం రాసి ఇచ్చానో నాకు గుర్తులేదు. ఏదో ఫారం అడిగారు, ఏదో రాశాను.

జూన్ 21, శుక్రవారం

గుర్తుంది.

జూన్ 24, సోమవారం

ముగ్గురం బడికి వెళ్లాం. తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గేటు దాటగానే వాడి నడక మారిపోయింది, తల వంగిపోయింది. యాభై ఏళ్ల మనిషి, అదీ వేరే బడి.

హెడ్‌మిస్ట్రెస్ ముందు వరుసగా కూర్చున్నాం. మర్యాదస్తురాలు. మంచినీళ్లు ఇప్పించింది. కాగితం తమ్ముడి ముందు పెట్టి కలం ఇచ్చింది. నేను అడ్డం వచ్చాను.

"మార్చిలో ఆ కాగితం రాసింది నేనే. తప్పు రాశాను. వెనక్కి తీసుకుంటున్నాను."

"మీరు అనుభవజ్ఞులు. మా పుస్తకాలన్నీ దిద్దేది మీరే అంటారు కదా. ఊరికే రాయరు" అంది.

"మీ బల్ల మీద ఒకటో తరగతి వాచకం ఉందా? నా చేత చదివించండి."

ఆవిడకు ఇబ్బందిగా అనిపించింది. అయినా తీసి ఇచ్చింది. మొదటి పాఠం తెరిచాను. ఆ పుస్తకం ప్రతి ముద్రణా నేనే దిద్దాను. పేజీ కేసి చూస్తూ కూర్చున్నాను. గది బయట పిల్లలు వరుసగా నడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆవిడ ఎదురుచూసింది. నా చెవులు వేడెక్కాయి. నాకంతా ముందే తెలుసు, నేను కోరి చేసిన పనే, అయినా చెమట పట్టింది. పిల్లకు రోజూ ఇలాగే ఉండి ఉంటుంది, కోరకుండానే.

"రావడం లేదండి" అన్నాను. "ఇప్పుడు చెప్పండి, నన్ను ఏ సెక్షన్‌లో కూర్చోబెడతారు?"

అప్పుడు డాక్టరమ్మ ఇచ్చిన కాగితం ముందు పెట్టి, నా సంగతి చెప్పాను, పిల్ల సంగతి చెప్పాను. రెండూ ఒకటి కాదని కూడా చెప్పాను. డాక్టరమ్మ వింటే మెచ్చుకునేది. "మీరు అచ్చులో ఇచ్చిన ప్రశ్నకే జవాబు రాలేదు. నోటితో అడిగి చూడండి. అప్పటికీ రాకపోతే సంతకం మేమే పెడతాం."

ఆవిడ చాలాసేపు కాగితం చదివింది. తర్వాత పిల్లవైపు తిరిగి, "నీటి చక్రం అంటే ఏంటో చెప్పగలవా?" అంది.

పిచ్చుక నావైపు చూడలేదు. వాళ్ల నాన్నవైపూ చూడలేదు. "ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు టీచర్? అది గుండ్రం కదా" అంది.

హెడ్‌మిస్ట్రెస్ కలం తీసి మూతపెట్టేసింది.

జూన్ 28, శుక్రవారం

నాలుగో తరగతిలోనే ఉంటుంది. అర్ధసంవత్సరం పరీక్షల దాకా ప్రశ్నలు టీచరు చదివి వినిపిస్తారు, జవాబులు నోటితో చెప్పవచ్చు. ఆ తర్వాత మళ్లీ చూస్తారట. లెక్కల టీచరు ఒప్పుకోలేదట, ఆవిడతో ఇంకా పేచీ ఉంది. ఉండనీ. పిల్ల బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి మెట్ల మీద నుంచే అరిచి చెప్పింది. నేనూ అరిచాను. మరదలు కింద నుంచి, "వదినా, నెమ్మది, మాత్రలు వేసుకుంటున్నారు మీరు" అంది.

జూన్ 30, ఆదివారం

ఇవాళ రాయాలని లేదు. కానీ రాస్తాను.

సంతోషంలో ఉన్నానా, పొద్దున్నే కొత్త పలక ఒకటి కొని షాపులోకి వెళ్లాను. తమ్ముడు ఫ్యాను మోటారుకు తీగ చుడుతున్నాడు. "నీకూ నేర్పుతాను. నీదీ డిస్లెక్సియానే, నేను పందెం కాస్తా. వేలితో తిప్పితే నీకూ వస్తుంది. ఆరు నెలల్లో పేపరు చదువుతావు" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. మెదడు గురించి, దారుల గురించి.

వాడు చుట్లు లెక్కపెట్టుకుంటున్నాడు కనుక అయ్యేదాకా ఆగాడు. తర్వాత తీగ తుంచి, "నాకిప్పుడు అవసరం లేదక్కా" అన్నాడు.

"అదేంట్రా."

"అప్పుడు కావాల్సింది."

కోపంగా అనలేదు. మోటారు బాగు చేయించుకోవడానికి వచ్చినవాడికి సరుకు లేదని చెప్పినట్టు చెప్పాడు. నేను పలక పట్టుకుని నిలబడ్డాను.

వాడు ఇంకో మోటారు దగ్గరికి లాక్కుని, తల ఎత్తకుండా, గాలి గురించి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. గాలికి బరువుంది, గాలి స్థలాన్ని ఆక్రమిస్తుంది, గాలి అన్నివైపులా ఒత్తిడి కలిగిస్తుంది. మాట తడబడకుండా, పేజీలకు పేజీలు. కాసేపటికి గానీ అర్థం కాలేదు. అది నా ఏడో తరగతి పాఠం. నేను వరండాలో పైకి చదివి బట్టీ పట్టినది. నాకు రెండు వాక్యాలు కూడా గుర్తులేవు.

"నీకెలా వచ్చు?"

"పక్కనే కదా కూర్చునేది. నువ్వు చదివితే నాకు వచ్చేసేది. నీవన్నీ వచ్చు."

"మరి నాన్నకు ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పాను. అప్పజెప్పాను కూడా. పుస్తకం చేతిలో పెట్టి ఇది చదువు అన్నాడు."

ఆ రోజు నేనక్కడ ఉన్నానా అని అడగలేదు. ఉన్నాను. నవ్వినవాళ్లలో ఉన్నాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. చదవడానికి ఒక దారి, రాయడానికి ఒక దారి ఉందని కనిపెట్టాను గానీ, దీనికి ఏ దారో తెలియలేదు. చివరికి, "నేను నీకు చాలా అన్యాయం చేశానురా" అన్నాను. వాడు "ఊఁ" అన్నాడు. కాదనలేదు. అదీ మంచిదే.

జూలై 2, మంగళవారం

మేనేజరు కబురు చేశాడు. సెలవయ్యాక ఆ అమ్మాయి పైకి చదివితే నేను విని అర్థం చూడాలట. బొమ్మల సంగతి ఇంకొకరు చూస్తారట. జీతం గురించి మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

జూలై 4, గురువారం

మధ్యాహ్నం మూడున్నరకు షాపులోకి వెళ్లి, "నాకు నీ పని నేర్పరా" అన్నాను.

"నీకెందుకు?"

"నీ బుర్ర ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. నూనె మరకలవుతాయని మరదలి పాత చీర ముక్క ఒకటి ఒళ్లో పరిచాడు. రెండు నీళ్ల మోటార్లు పక్కపక్కన పెట్టి స్విచ్ వేశాడు. నాకు రెండూ ఒకే గోల. పొడవాటి స్క్రూడ్రైవరు చేతికిచ్చి, "కొన బేరింగు మీద ఆనించు. పిడి చెవికి ఆనించు. లోపల వింటావు. ఒకటి బాగుంది, ఒకటి నెల్లాళ్లలో పోతుంది. ఏదో చెప్పు" అన్నాడు.

విన్నాను. గుయ్యిమని ఒకటి. రెండోదానికి పెట్టాను, గుయ్యిమని అదీ. "రెండూ ఒకటే" అన్నాను.

"మళ్లీ విను."

విన్నాను. ఒకటే. "నువ్వే చెప్పెయ్."

"చెబితే నీకు వచ్చినట్టు కాదు. పైన చప్పుడు వదిలెయ్. దాని కింద ఇంకోటి ఉంటుంది. అది విను."

ఐదోసారి, ఆరోసారి. గుమ్మంలో పిచ్చుక వచ్చి కూర్చుంది, పుస్తకాల సంచి కూడా దించకుండా. ఏడోసారి ఊహించి కుడివైపుది అన్నాను. "ఊహించకు" అన్నాడు. నా ఊహ వాడికి ఎలా తెలిసిపోయిందో. ఎనిమిదోసారి నాకు ఏడుపొచ్చింది, చెవిలో పిడి ఒరుసుకుని మండుతోంది. నా వల్ల కాదు, నాకీ చెవే లేదు అన్నాను. వాడు స్క్రూడ్రైవరు తీసుకుని, పిడిని గుడ్డతో తుడిచి, రెండో చెవికి పెట్టాడు. "తొందరేముంది. రాత్రి దాకా ఖాళీయే" అన్నాడు.

తొమ్మిది. పది. ఒక్కసారీ విసుక్కోలేదు.

పదకొండోసారి, ఆ గుయ్యిమనే చప్పుడుకు అడుగున, చాలా లోతులో, చిన్న ఇసుక రేణువు పళ్ల కింద పడ్డట్టు, ఆగి ఆగి, ఒక టిక్కు వినిపించింది.

నేను ఏమీ అనకముందే, నా మొహం చూసి వాడు స్విచ్ తీసేశాడు.